తిరిగి రాగలిగిన దారిలో ఎంత దూరమైనా వెళ్లండి

ప్రశ్న: నా వయసు 62. తూర్పు గోదావరి జిల్లాలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పి ఆరు నెలల క్రితం పదవీ విరమణ చేశాను. మావారు కాలం చేసి చాలా ఏళ్లయింది. రాజమహేంద్రవరంలో సొంత ఇల్లుంది. అబ్బాయి హైదరాబాదులోనూ, అమ్మాయి డాలస్‌లోనూ ఉంటారు. బీపీకి ఒక మాత్ర వేసుకోవడం తప్ప నాకు వేరే జబ్బులేమీ లేవు. నర్మదా పరిక్రమ, అంటే నర్మదా నది రెండు ఒడ్డులూ చుట్టి రావడం, నడిచి చేయాలని ఎప్పటినుంచో కోరిక. ఆ మాట ఎత్తితే అబ్బాయి "ఈ వయసులో ఒంటరిగా ఎక్కడో పడిపోతే ఎవరు చూస్తారమ్మా" అంటాడు. ఇల్లు అమ్మేసి, ఆ డబ్బుతో వాళ్లు పెద్ద ఫ్లాట్ తీసుకుంటే, నేనూ అక్కడే ఉండి మనవరాలిని చూసుకోవచ్చని అతని ఆలోచన. మరోవైపు నాతో పనిచేసిన ఒకావిడ అరకులో స్థానికుడి పేరు మీద స్థలం తీసుకుని హోమ్‌స్టే కడదామనీ, నా వాటాగా పాతిక లక్షలు పెట్టమనీ అడుగుతోంది. పదవీ విరమణ డబ్బు మొత్తం 48 లక్షల దాకా వచ్చింది. కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగానికి బదులు ముందే ఒకేసారి తీసుకున్న డబ్బు) పోను నెలకు 38 వేల పింఛను వస్తోంది. ఇన్నేళ్లూ గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చున్నాను. ఇకనైనా ధైర్యం చేసి కొత్తగా బతకాలనుంది. ఇది ధైర్యమంటారా, తెలివితక్కువతనమంటారా?

సమాధానం:

టీచరు గారూ, మీరు ఒక సాహసం గురించి అడిగాననుకుంటున్నారు గానీ మీ ఉత్తరంలో మూడు సాహసాలున్నాయి. నడక ఒకటి, ఇల్లు అమ్మడం ఒకటి, అరకు పెట్టుబడి ఇంకొకటి. మీకూ మీ అబ్బాయికీ మొదటిది మాత్రమే ప్రమాదంగా కనిపిస్తోంది. నన్నడిగితే మూడింటిలోకీ తక్కువ ప్రమాదం నడకలోనే ఉందంటాను. నడక మీ ఒంటికి పడకపోతే మూడో రోజున రైలెక్కి ఇంటికి వచ్చేయవచ్చు. అమ్మేసిన ఇంటికి అలా తిరిగి రాలేరు. ఇంకొకరి పేరు మీద పెట్టిన పాతిక లక్షలు తిరిగి వస్తాయన్న ఆశ అసలే లేదు. అరవై దాటాక కొత్తగా ఏదైనా మొదలుపెట్టేవారు దానికి ఎంత ధైర్యం కావాలో లెక్క వేసుకునే ముందు, అది చెడితే తాము మొదలుపెట్టిన చోటికి తిరిగి రాగలరా లేదా అన్నది చూసుకోవాలి. మీ మూడు సంగతులనూ నేను ఆ ప్రశ్నతోనే చూస్తున్నాను.

ముందుగా అరకు విషయం తేల్చేద్దాం, ఎందుకంటే ఇందులో సందేహానికి తావు లేదు. అరకు లోయ షెడ్యూల్డు ప్రాంతంలో, అంటే గిరిజనుల రక్షణకు ప్రత్యేక నిబంధనలుండే ఏజెన్సీ ప్రాంతంలో ఉంది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ (అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచేది ఇదే) ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులకు అమ్మినా, లీజుకిచ్చినా, దానంగా రాసిచ్చినా ఆ కాగితం చెల్లదు. అమ్మేవారు కూడా గిరిజనేతరులే అయినా ఇదే వర్తిస్తుంది. స్థానికుడి పేరు మీద స్థలం పెట్టి వెనక నుంచి డబ్బు మనం పెడదామనడం ఈ చట్టాన్ని తప్పించుకునే పాత ఉపాయమే. దానికి బినామీ లావాదేవీల చట్టం కూడా తోడవుతుంది. రేపు ఆ స్థానికుడు గానీ అతని పిల్లలు గానీ కాదు పొమ్మంటే మీరు ఏ కోర్టు మెట్లూ ఎక్కలేరు, ఎక్కితే ముందు మీ తప్పునే ఒప్పుకోవలసి వస్తుంది. ఈ చట్టం ఎంత గట్టిదంటే, అరకు పక్కనున్న అనంతగిరి మండలం నుంచి సమత అనే స్వచ్ఛంద సంస్థ తీసుకెళ్లిన కేసులో 1997లో సుప్రీంకోర్టు, ఏజెన్సీ భూములను ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకిచ్చే అధికారం ప్రభుత్వానికి కూడా లేదని చెప్పింది. ప్రభుత్వానికే లేని వెసులుబాటు ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయినులకు దొరకదు. డబ్బు సంగతి అలా ఉంచినా, కొండవాళ్ల భూములు వడ్డీకీ సారాకీ చేతులు మారిపోతుంటే ఆపడానికి వచ్చిన చట్టాన్ని పక్క దారిన దాటడం, పిల్లలకు పాఠం చెప్పిన మనిషికి తగిన పని కాదని నా అభిప్రాయం. మీ స్నేహితురాలికి ఈ మాట మెత్తగా చెప్పండి, ఆవిడకు కూడా చట్టం సంగతి తెలియకపోవచ్చు. మారేడుమిల్లి వైపు చూద్దామని ఆవిడ అంటే, అక్కడా వర్తించేది ఇదే చట్టమని గుర్తుంచుకోండి.

అతిథులకు వసతి ఇచ్చే పని మీద మీకు నిజంగా మనసుంటే దానికి మీ ఇల్లే చాలు. పాపికొండల బోటు కోసం వచ్చేవారు, గోదావరి స్నానానికి వచ్చేవారు రాజమహేంద్రవరంలో బస వెతుక్కుంటూనే ఉంటారు. పై భాగంలో రెండు గదులు సిద్ధం చేసి, పర్యాటక శాఖ దగ్గర నమోదు చేయించుకుని ఒక ఏడాది నడిపి చూడండి. పొద్దున్నే ఆరుగురికి ఇడ్లీ వేయడం, దుప్పట్లు ఉతికించడం, అర్ధరాత్రి తలుపు తీయడం మీకు ఇష్టమో కాదో ఆ ఏడాదిలో తెలిసిపోతుంది. ఇష్టం లేకపోతే ఆ గదులు అద్దెకిచ్చుకోండి.

ఇంటి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అమ్మకండి. మీ అబ్బాయి మంచివాడే అయి ఉంటాడు, నేను అతన్ని అనుమానించడం లేదు. అయితే మీ డబ్బు అతని ఫ్లాటులో కలిసిన రోజునుంచి, మీరు ఏ ఊరికి బయలుదేరినా ఆ ఇంటి నుంచి సెలవు పుచ్చుకునే మనిషిగానే బయలుదేరుతారు. తల్లిదండ్రుల పోషణ కోసం వచ్చిన 2007 నాటి చట్టం, చూసుకుంటామన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే వెనక్కి తీసుకునే వీలు కల్పించింది. అయినా కన్న కొడుకు మీద ట్రిబ్యునల్‌కు వెళ్లవలసిన పరిస్థితిని ముందుగానే రానివ్వకపోవడం మంచిది. ఇల్లు మీ పేరునే ఉంచి, ఒక వీలునామా రాసి రిజిస్టరు చేయించండి. మీరు లేనప్పుడు ఇంటి మీద కన్నేసి ఉంచడానికి కింది భాగంలో మంచి అద్దెదారును పెట్టుకోండి.

డబ్బు దగ్గర సాహసమే వద్దు. సాహసం చేయదలచినవారికి నెల నెలా రావలసింది ఖచ్చితంగా రావాలి, అప్పుడే మిగతా విషయాల్లో గుండె నిబ్బరం ఉంటుంది. పోస్టాఫీసులోనూ బ్యాంకుల్లోనూ ఉన్న సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో ఒక్కొక్కరు 30 లక్షల దాకా దాచుకోవచ్చు. 2023 ఏప్రిల్ నుంచి వడ్డీ 8.2 శాతం ఉంది. మీరు చేరే నాటి రేటు ఏదైతే అది అయిదేళ్లూ మారదు కాబట్టి, చేరే ముందు ఆ త్రైమాసికం రేటు ఒకసారి అడిగి తెలుసుకోండి. ఈ లెక్కన 30 లక్షల మీద మూడు నెలలకోసారి 61,500 రూపాయలు మీ ఖాతాలో పడతాయి. దాని మీద ఆదాయపు పన్ను ఉంటుంది, అది మరవకండి. మధ్యలో తీసుకుంటే కోత పడుతుంది గనుక, అవసరానికి అందేలా మరో ఆరేడు లక్షలు మామూలు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉంచండి. మీ ఇంటి ఖర్చు పింఛనులో వెళ్లిపోతుంది. ప్రయాణాలకు ఈ వడ్డీ వాడండి, అసలు మాత్రం కదపకండి.

కొచ్చిలో టీకొట్టు నడిపిన విజయన్, మోహన దంపతుల పేరు మీరు పత్రికల్లో చూసే ఉంటారు. రోజూ కొంత దాచి, చాలకపోతే అప్పు తెచ్చి, ఒక్కో దేశం తిరిగి వచ్చి, మళ్లీ టీ అమ్మి ఆ అప్పు తీర్చి ఇంకో దేశానికి వెళ్లేవారు. విజయన్ గారు 2021లో పోయేనాటికి పాతికకు పైగా దేశాలు చూశారు. అందరూ వారి తెగువను మెచ్చుకున్నారు గానీ, నన్ను ఆకట్టుకున్నది వారు ఎప్పుడూ కొట్టును అమ్ముకోకపోవడం.

ఇక నర్మద దగ్గరికి వద్దాం. అమర్‌కంటక్‌లో పుట్టి భరూచ్ దగ్గర సముద్రంలో కలిసే ఈ నది పొడవు 1,312 కిలోమీటర్లు. రెండు ఒడ్డులూ కలిపి నడిస్తే దారి మెలికలతో 2,600 కిలోమీటర్లకు పైమాటే. నదిని ఎప్పుడూ కుడిచేతి వైపు ఉంచుకోవాలి, మధ్యలో ఎక్కడా దాటకూడదు, సముద్రం దగ్గర మాత్రం పడవలో అవతలి ఒడ్డుకు వెళ్లాలి. వానాకాలం నాలుగు నెలలూ ఒకచోట ఆగిపోవడం సంప్రదాయం. పరిక్రమకు మూడేళ్ల మూడు నెలల పదమూడు రోజులు పట్టాలన్న పాత లెక్క వినే ఉంటారు, ఇప్పుడు చాలామంది అయిదారు నెలల్లో ముగిస్తున్నారు. దారి పొడవునా ఆశ్రమాల్లోనూ ధర్మశాలల్లోనూ నిద్రకు చోటూ, వండుకోవడానికి బియ్యమూ పప్పూ ఇచ్చే అలవాటు ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ ఒడ్డున నడిచేవారిని ఎవరూ వింతగా చూడరు. "నర్మదే హర్" అని పలకరించి టీ తాగి వెళ్లమంటారు. ఒంటరి స్త్రీకి దేశంలో ఇంతకంటే ఆదరం దొరికే నడకదారులు ఎక్కువ లేవని నా నమ్మకం. అలాగని అంతా సులువు కాదు. బడ్వానీ దాటాక వచ్చే శూలపాణి అడవిలో కొండదారులు నిటారుగా ఉంటాయి, ఊళ్లు దూరదూరంగా ఉంటాయి. ఆ భాగానికి గుంపు తప్పనిసరి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యప్రదేశ్ ఎండ రాజమహేంద్రవరం ఎండకు ఏమీ తీసిపోదు.

కాబట్టి ఒకే ఊపున మొత్తం నడవాలని పట్టు పట్టకండి. జబల్‌పూర్‌కు చెందిన చిత్రకారుడు, కళాశాల అధ్యాపకుడు అమృత్‌లాల్ వేగడ్ 1977లో, యాభయ్యోపడి దగ్గర పడుతుండగా, ఈ నడక మొదలుపెట్టారు. వీలు దొరికినప్పుడల్లా వెళ్లి కొంత దూరం నడిచి, బొమ్మలు వేసుకుని, ఇంటికి వచ్చి, మళ్లీ ఎక్కడ ఆపారో అక్కడి నుంచే అందుకుంటూ ఏళ్ల తరబడి సాగించారు. డెబ్బై దాటాక కూడా మళ్లీ ఆ ఒడ్డున నడిచారు. ముక్కలుగా చేస్తే పుణ్యం తగ్గుతుందని దారిలో ఎవరైనా అనవచ్చు. పుణ్యం సంగతి నాకు తెలియదు గానీ, 62 ఏళ్ల మోకాళ్లకు మాత్రం ఇదే సరైన పద్ధతి.

మొదటి ముక్క ఎంత చిన్నదో చెబుతాను. విజయవాడలో ఢిల్లీ వైపు వెళ్లే రైలెక్కితే వరంగల్లు, నాగపూర్ మీదుగా ఇటార్సీ వస్తుంది. అక్కడికి దగ్గరలోనే నర్మదాపురం, మొన్నటిదాకా హోషంగాబాద్ అనేవారు. ఊరికి ఎగువన తవా నది వచ్చి కలిసేచోట బాంద్రాభాన్ ఉంది. ఆటోలో అక్కడికి వెళ్లి, నదిని కుడివైపు ఉంచుకుని పడమరకు నడవండి. ఒక పూటలో మళ్లీ ఊళ్లోని సేఠానీ ఘాట్‌కు చేరతారు. సంచీ బరువు భుజాన ఎక్కడ కోస్తుందో, ఇసుకలో చెప్పులు పనికొస్తాయా బూట్లు పనికొస్తాయా, తెలియని ఇంటి వరండాలో పడుకుంటే నిద్ర పడుతుందా, ఈ సంగతులు ఆ ఒక్క పూట, మరుసటి రెండు రోజులు చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేరు. నాలుగు రోజులుండి తిరిగి రండి. ఆ తరువాత పది రోజులు, ఆపైన నెల.

బయలుదేరే ముందు గుండెకు టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే పరీక్ష), ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకోండి. నెలసరి ఆగిపోయి ఏళ్లయిన స్త్రీలకు ఎముకలు లోపల్లోపలే పలచబడి, ఒక చిన్న జారుపాటుకే తుంటి విరిగే ప్రమాదం ఉంటుంది. మీ అబ్బాయి భయంలో నిజమైన పాలు ఏదైనా ఉంటే అది ఇదే. వరసగా రెండు రోజులు, అయిదారు కిలోల సంచీతో, రోజుకు పది కిలోమీటర్లు గోదావరి గట్టు మీద నడవగలిగేదాకా టికెట్టు తీయకండి. రెండో రోజు నడకే అసలు పరీక్ష, మొదటి రోజు అందరూ నడుస్తారు. పింఛనుదారుల హెల్త్ కార్డు మీద నగదు లేకుండా వైద్యం దొరికేది దాని జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే కనుక, దేశమంతటా చెల్లే ఆరోగ్య బీమా ఒకటి విడిగా తీసుకోండి. 65 దాటినవారికి కొత్త పాలసీ ఇవ్వకపోయే పద్ధతిని 2024లో తొలగించారు. ముందునుంచి ఉన్న జబ్బులకు వేచి ఉండవలసిన కాలం మూడేళ్లకు మించకూడదని కూడా అప్పుడే చెప్పారు. మీ బీపీ సంగతి దాచకుండా రాయండి. ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి పంపే వీలుంది, దాని కోసం ప్రయాణం ఆపుకోనక్కరలేదు.

మీ అబ్బాయి గురించి. "కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం" అని మన పెద్దలు అనుకున్న కాలంలో కూడా జనం కాశీకి వెళ్తూనే ఉన్నారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా (దుభాషిగా) పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారంతో బయలుదేరి, హైదరాబాదు, నాగపూర్, జబల్‌పూర్ మీదుగా కాశీ చేరి, కలకత్తా, పూరీ చూసుకుని, 1831 సెప్టెంబరులో ఇంటికి వచ్చారు. జబల్‌పూర్ దగ్గర ఆయన దాటింది మీ నర్మదనే. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు. దారిలో ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయో, ఎక్కడ దుకాణాలున్నాయో, ఏ వాగు దాటడం కష్టమో అన్నీ రాసి మద్రాసులోని స్నేహితుడికి ఉత్తరాలు పంపుతూనే వెళ్లారు. మీరు చేయవలసింది అదే. "నా ఇష్టం, వెళ్తాను" అంటే మీ అబ్బాయి భయం పెరుగుతుంది. ఏ రోజు ఎక్కడ పడుకుంటారో, దగ్గరి ఆసుపత్రి ఏదో, రాత్రి ఎనిమిదికి ఫోను రాకపోతే ఎవరికి చేయాలో ఒక కాగితం మీద రాసి అతని చేతికివ్వండి. భయపడే మనిషికి చేయడానికి ఒక పని అప్పగిస్తే సగం భయం పోతుంది. డాలస్‌లో ఉన్న అమ్మాయికి ఫోనులో మీ లొకేషన్ కనబడేలా పెట్టండి, మీకు రాత్రయ్యేసరికి ఆమెకు పగలే కదా.

మనవరాలి విషయంలో మాత్రం మీరు నిజాయితీగా మాట్లాడాలి. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్తుంటే పిల్లను చూసే మనిషి వారికి నిజంగా కావాలి. అది మీ సుఖం కోసమే అన్నట్టు వారు చెప్పడం, మీరు విననట్టు ఉండడం రెండూ బాగుండవు. నడకకు అనువైన కాలం కార్తీకం నుంచి ఫాల్గుణం దాకానే కనుక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మీవి. వేసవి సెలవులు, బడి తెరిచే జూన్, జూలై నెలలు మనవరాలివి. మిగతా నెలలకు వారు ఆయాను పెట్టుకోవాలి. ఆ ఖర్చులో కొంత మీరు భరిస్తానంటే ఇవ్వండి, ఇల్లు అమ్మి ఇవ్వడం కంటే అది చాలా చవక. ఈ మాట ముందుగానే తేదీలతో సహా చెప్పండి. తేదీ లేని మాటను ప్రతిసారీ జ్వరమో పరీక్షో వచ్చి మింగేస్తుంది.

కొత్తగా బతకాలన్నారు. దాని గురించి నేను పెద్ద మాటలు చెప్పను, ఎందుకంటే పదవీ విరమణ చేసిన చాలామంది వాట్సాప్ సందేశాల్లో కొత్త జీవితం మొదలుపెట్టి, ఆచరణలో ఒక గంటను ఇంకో గంటతో మార్చుకుంటారు. బడి గంట పోయి ప్రెషర్ కుక్కర్ విజిల్ వస్తుంది. మీ విషయంలో నాకు ఆశ కలిగించింది మీరు ఎంచుకున్న చోటు. రాజమహేంద్రవరంలో మీరు ఏ వీధిలో నడిచినా ఎవరో ఒకరు "నమస్తే టీచర్" అంటారు. నర్మద ఒడ్డున ఉన్న మండ్లాలోనో మహేశ్వర్‌లోనో మీరు ఎవరో ఎవరికీ తెలియదు. మీకు అన్నం పెట్టే ముసలమ్మకు మీరు చెప్పిన న్యూటన్ సూత్రాలతో పనిలేదు, మీ హిందీలో తప్పులు చూసి నవ్వుతుంది కూడా. ముప్పై ఏళ్లు తప్పులు దిద్దిన మనిషికి తన తప్పును ఇంకొకరు దిద్దడం మొదట్లో గుచ్చుకుంటుంది. ఆ ఇబ్బందిని తట్టుకుంటే మిగతా మార్పు దానంతట అదే వస్తుందనుకుంటాను. చిన్నప్పుడు హిందీ ప్రచార సభ వారి ప్రాథమిక్, మధ్యమ రాసి ఉంటే ఆ పుస్తకపు హిందీ కొంత మిగిలే ఉంటుంది. అయినా ఇప్పటినుంచే రోజూ అరగంట మాట్లాడటం సాధన చేయండి. మీ వీధిలో ఉత్తరాది నుంచి వచ్చిన వడ్రంగులో పానీపూరీ అమ్మేవారో ఉంటే, వారికంటే మంచి గురువులు దొరకరు.

రైలు రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి అరవై రోజుల ముందే తెరుచుకుంటోంది, నూట ఇరవై రోజుల పద్ధతి పోయింది. వయోవృద్ధులకు ఛార్జీలో ఇచ్చే రాయితీ 2020లో ఆగిపోయినా, కింది బెర్తు కోటా మాత్రం ఉంది. కార్తీకంలో ఇటార్సీకి వెళ్లాలంటే వినాయక చవితి వెళ్లగానే టికెట్టు తీయాలి. ఆ టికెట్టు మీరు తీయకుండా మీ అబ్బాయినే తీయమనండి, తిరుగు టికెట్టుతో సహా.